యులిసెస్ ఎస్. గ్రాంట్

యులిసెస్ ఎస్. గ్రాంట్ (ఏప్రిల్ 27, 1822 - జూలై 23, 1885) అమెరికా సంయుక్త రాష్ట్రాల 18వ అధ్యక్షుడు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలకు విజయం సాధించిపెట్టిన సేనాధిపతి. 1869 నుండి 1877 వరకు రెండు పర్యాయాలు అధ్యక్ష పదవిని నిర్వహించాడు. జీవిత చరమాంకంలో వ్యాపార భాగస్వామి చేసిన మోసం వలన సర్వస్వాన్ని కోల్పోయాడు. అదే సంవత్సరం గొంతులో క్యాన్సర్ బయటపడింది. నయం కాదని తేలిన ఆ వ్యాధితో దాదాపు తొమ్మిది నెలల పాటు ఆసుపత్రిలో కాక ఇంటివద్దనే వైద్యుల, కుటుంబ సభ్యుల, పరిచారకుల సేవలు పొందుతూ తన స్మృతులను రెండు సంపుటాలుగా రచించాడు. ఆ గ్రంథం పూర్తయిన కొద్ది రోజులకే మరణించాడు. గ్రంథం వలన వచ్చిన ఆదాయం ఆయన కుటుంబాన్ని దారిద్ర్యం నుండి కాపాడింది.

బాల్యం, విద్యాభ్యాసం

గ్రాంట్ 1822 ఏప్రిల్ 27న ఒహాయో రాష్ట్రంలోని పాయింట్ ప్లెజెంట్ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. తండ్రి జెస్సీ రూట్ గ్రాంట్, తల్లి హన్నా సింప్సన్. తల్లిదండ్రులు పెట్టిన పేరు హైరమ్ యులిసెస్ గ్రాంట్. తండ్రి తోళ్ళు ఊనే వ్యాపారం చేసేవాడు. బాల్యమంతా అదే రాష్ట్రంలోని జార్జ్‌టౌన్‌లో గడిచింది. తోళ్ళ పని అంటే గ్రాంట్‌కు చిన్ననాటి నుండి ఏవగింపు. గుర్రాలంటే మాత్రం ఎంతో ప్రీతి. ఎంతటి పొగరుబోతు గుర్రాన్నైనా మచ్చిక చేయగలడని బాల్యంలోనే పేరు తెచ్చుకున్నాడు.

1839లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చేరాడు. ఆయనను సిఫారసు చేసిన ప్రతినిధుల సభ సభ్యుడు పేరును పొరపాటున యులిసెస్ ఎస్. గ్రాంట్ అని వ్రాశాడు. విద్యాలయం వారు ఆ పేరునే నమోదు చేసుకోవడంతో అదే స్థిరపడిపోయింది. ఆ పేరు మధ్యనున్న అక్షరానికి ప్రత్యేకమైన అర్థమేమీ లేదు. 1843లో 39 మంది ఉన్న తరగతిలో 21వ స్థానంతో పట్టభద్రుడయ్యాడు.

వివాహం, కష్టకాలం

1846-48 నాటి మెక్సికో యుద్ధంలో గ్రాంట్ పాల్గొన్నాడు. యుద్ధం ముగిసిన తరువాత 1848 ఆగస్టు 22న జూలియా డెంట్‌ను వివాహం చేసుకున్నాడు. ఈ దంపతులకు ఫ్రెడరిక్, యులిసెస్, జెస్సీ అనే ముగ్గురు కుమారులు, నెల్లీ అనే ఒక కుమార్తె కలిగారు. కొంతకాలానికి గ్రాంట్‌ను పసిఫిక్ తీరానికి బదిలీ చేశారు. భార్యాబిడ్డలకు దూరంగా ఉండవలసి రావడంతో ఒంటరితనానికి లోనయ్యాడు. తాగుడుకు అలవాటు పడ్డాడనే అపవాదు కూడా వచ్చింది. 1854లో సైనికోద్యోగానికి రాజీనామా చేశాడు. తిరుగు ప్రయాణంలో న్యూయార్క్ చేరేసరికి చేతిలో డబ్బు లేకపోయింది. ఆ సమయంలో వెస్ట్ పాయింట్ నాటి మిత్రుడు సైమన్ బొలివర్ బక్నర్ ఆయనను ఆదుకున్నాడు. ఈ మిత్రుని ప్రసక్తి గ్రాంట్ జీవితంలో మరి రెండు సందర్భాలలో వస్తుంది.

తరువాతి ఏడేళ్ళు గ్రాంట్‌కు కష్టకాలం. మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరం సమీపంలో సేద్యం చేసి నష్టపోయాడు. వంటచెరకును బండిలో నగరానికి తీసుకుపోయి అమ్మేవాడు. జూలియా పుట్టిల్లు బానిసలు కలిగిన కుటుంబం. గ్రాంట్ వద్ద కూడా విలియం జోన్స్ అనే ఒక బానిస ఉండేవాడు. చేతిలో పైకం లేని ఆ రోజులలో సైతం 1859లో గ్రాంట్ అతనిని అమ్ముకోకుండా విముక్తుణ్ణి చేశాడు. 1860లో ఇల్లినాయి రాష్ట్రంలోని గలీనా పట్టణం చేరి తండ్రికి చెందిన తోలు వస్తువుల దుకాణంలో పనికి కుదిరాడు.

అంతర్యుద్ధం

1861లో అంతర్యుద్ధం మొదలుకాగానే గ్రాంట్ తిరిగి సైన్యంలో చేరాడు. 1862 ఫిబ్రవరిలో టెనెసీ రాష్ట్రంలోని డోనెల్సన్ కోటను ముట్టడించి, కోటలోని దక్షిణాది సైన్యం ఎటువంటి షరతులూ లేకుండా లొంగిపోవాలని కోరాడు. లొంగిపోయిన ఆ సేనాని పూర్వం న్యూయార్క్‌లో ఆయనను ఆదుకున్న బక్నరే. ఈ విజయంతో గ్రాంట్ పేరు దేశమంతటా మారుమ్రోగింది.

ఈ విజయానికి మరొక పర్యవసానం కూడా ఉన్నది. యుద్ధ సమయంలో గ్రాంట్ చేతిలో చుట్ట ఉన్నదని పత్రికలు వ్రాయడంతో అభిమానులు దేశం నలుమూలల నుండి వేలాది చుట్టలను కానుకగా పంపారు. అంతకుముందు మితంగా పొగ తాగే గ్రాంట్ ఆనాటి నుండి చుట్ట వదలని మనిషి అయ్యాడు. తరువాతి కాలంలో ఆయనకు వచ్చిన వ్యాధికి ఈ అలవాటే మూలమని వైద్యులు భావించారు.

1862 ఏప్రిల్‌లో జరిగిన షైలో యుద్ధంలో ఇరుపక్షాలకు చెందిన 23 వేల మందికి పైగా సైనికులు చనిపోవడమో, గాయపడడమో, గల్లంతు కావడమో జరిగింది. 1863 జూలై 4న మిసిసిపీ నది ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్ నగరం గ్రాంట్ వశమైంది. 1864 మార్చిలో అధ్యక్షుడు అబ్రహం లింకన్ ఆయనను ఉత్తరాది సేనలన్నింటికీ అధిపతిగా నియమించాడు. 1865 ఏప్రిల్ 9న వర్జీనియా రాష్ట్రంలోని అపొమాటొక్స్ కోర్ట్‌హౌస్ గ్రామంలో దక్షిణాది సేనాపతి రాబర్ట్ ఇ. లీ గ్రాంట్‌కు లొంగిపోయాడు. ఓడిన సైనికులను బందీలుగా పట్టుకోక, ఇండ్లకు వెళ్ళనిచ్చాడు. సేద్యానికి పనికివస్తాయని వారి గుర్రాలను వారికే వదిలివేశాడు. ఈ ఔదార్యాన్ని దక్షిణాది ప్రజలు చాలాకాలం గుర్తుంచుకున్నారు.

అధ్యక్ష పదవి

1868 ఎన్నికలలో రిపబ్లికన్ పార్టీ తరఫున గెలుపొంది, 1869 మార్చి 4న గ్రాంట్ అధ్యక్షుడయ్యాడు. అందుకోసం సైనిక పదవిని వదులుకున్నాడు. దానితో సైనికాధికారిగా రావలసిన విశ్రాంత వేతనం పోయింది. మాజీ అధ్యక్షులకు పింఛను ఇచ్చే చట్టం అమెరికాలో 1958 వరకు లేదు. ఈ రెండు విషయాలు గ్రాంట్ వృద్ధాప్యంలో ఆయనను చిక్కులలో పడవేశాయి.

జాతి, వర్ణం కారణంగా ఓటుహక్కును నిరాకరించరాదన్న 15వ రాజ్యాంగ సవరణ 1870లో ఆయన పాలనలోనే అమలులోకి వచ్చింది. నల్లజాతి వారిపై దాడులు చేస్తున్న కూ క్లక్స్ క్లాన్ ముఠాలను అణచడానికి 1870-71లలో చట్టాలు చేయించి, వాటిని అమలు జరిపించాడు. ప్రపంచంలో మొదటి జాతీయ ఉద్యానవనంగా పేరుపొందిన ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడింది. అయితే ఆయన నమ్మిన వారిలో పలువురు అవినీతి ఆరోపణలలో చిక్కుకున్నారు. 1873లో వచ్చిన ఆర్థిక సంక్షోభం కూడా ఆయన ప్రతిష్ఠను దెబ్బతీసింది. వ్యక్తిగతంగా నిజాయితీపరుడే అయినా, ఇతరులను తేలికగా నమ్మడం ఆయన బలహీనత అని చరిత్రకారులు పేర్కొంటారు.

పదవీ విరమణ తరువాత 1877 నుండి 1879 వరకు భార్యతో కలిసి ప్రపంచ పర్యటన చేశాడు. ఆ సందర్భంలో 1879 ప్రారంభంలో భారతదేశానికి వచ్చి బొంబాయి, ఆగ్రా, ఢిల్లీ, కాశీ, కలకత్తా మొదలైన నగరాలను దర్శించాడు. 1880లో మూడవసారి అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వం ఆశించినా పార్టీ సమావేశంలో అది లభించలేదు.

ఆర్థిక పతనం

న్యూయార్క్‌లో స్థిరపడిన గ్రాంట్ తన రెండవ కుమారుడు భాగస్వామిగా ఉన్న గ్రాంట్ అండ్ వార్డ్ అనే సంస్థలో తన సొమ్మంతా మదుపు పెట్టాడు. సంస్థ వ్యవహారాలన్నీ ఫెర్డినాండ్ వార్డ్ అనే భాగస్వామి చూసేవాడు. కొత్తగా వచ్చిన వారి సొమ్ముతో పాతవారికి లాభాలు పంచుతూ వార్డ్ అందరినీ మోసగించాడు. 1884 మే మొదటి వారంలో సంస్థ కుప్పకూలింది. దానికి రెండు రోజుల ముందే వార్డ్ మాట నమ్మి, గ్రాంట్ సంపన్నుడైన విలియం వాండర్‌బిల్ట్ వద్ద 1,50,000 డాలర్లు చేబదులు తెచ్చి ఇచ్చాడు. ఆ సొమ్ము కూడా పోయింది.

అప్పు రద్దు చేయడానికి వాండర్‌బిల్ట్ సిద్ధపడినా గ్రాంట్ దంపతులు అంగీకరించలేదు. తమ ఆస్తులతో పాటు యుద్ధకాలంలో లభించిన ఖడ్గాలను, పతకాలను, విదేశాలలో వచ్చిన కానుకలను సైతం ఆయనకు అప్పగించారు. వాండర్‌బిల్ట్ ఆ జ్ఞాపికలను తరువాత జాతికి అందజేశాడు. ఇంటి ఖర్చుల కోసం గ్రాంట్ సెంచురీ అనే మాసపత్రికకు తన యుద్ధానుభవాలను వ్యాసాలుగా వ్రాయడం ప్రారంభించాడు. అప్పటివరకు రచయితను కాననే భావించిన ఆయనకు ఈ పని నచ్చింది. స్మృతులను పుస్తకంగా వ్రాయాలన్న ఆలోచన అక్కడి నుండే మొదలైంది.

వ్యాధి నిర్ధారణ

1884 వేసవిలో న్యూజెర్సీ తీరంలోని లాంగ్ బ్రాంచ్‌లో ఉన్నప్పుడు ఒకనాడు పీచ్ పండు తింటుండగా గ్రాంట్ గొంతులో తీవ్రమైన నొప్పి పుట్టింది. అక్కడ పరీక్షించిన వైద్యుడు వెంటనే సొంత వైద్యునికి చూపించుకోమని సలహా ఇచ్చాడు. ఆ వైద్యుడు ఐరోపా పర్యటనలో ఉండడంతో గ్రాంట్ శరదృతువు దాకా ఆగాడు. అక్టోబరు 22న గొంతు వ్యాధుల నిపుణుడైన డాక్టర్ జాన్ డగ్లస్ పరీక్షించి, నాలుక మొదలు వద్ద, అంగిలి వెనుక భాగంలో పుండును కనుగొన్నాడు. అది క్యాన్సరేనా అని గ్రాంట్ సూటిగా ప్రశ్నించాడు. డగ్లస్ ఆ మాటను నేరుగా పలుకకపోయినా, వ్యాధి తీవ్రమైనదని దాచకుండా చెప్పాడు. గ్రాంట్ ఈ సంగతిని మొదట ఇంట్లో వెల్లడించలేదు. జూలియాకు పూర్తి నిజం కొంత ఆలస్యంగా తెలిసింది.

ఆ నవంబరులో గ్రాంట్ చుట్టలు మానివేశాడు. మొదట్లో గుర్రపు ట్రాములో తానే వైద్యుని వద్దకు వెళ్ళి వచ్చేవాడు. చలికాలం ముదిరే కొద్దీ నీరసించి ఇంటికే పరిమితమయ్యాడు. 1885 ఫిబ్రవరిలో పుండు నుండి చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించారు. తెలుగువారు రాచపుండు అని పిలుచుకునే క్యాన్సరేనని ఆ పరీక్షలో నిర్ధారణ అయింది. డగ్లస్, జార్జ్ ష్రేడీ తదితర వైద్యులు శస్త్రచికిత్స గురించి చర్చించారు. అయితే వ్యాధి అప్పటికే బాగా వ్యాపించింది. కోత వలన బాధ పెరగడమే తప్ప ప్రయోజనం లేదని తేల్చారు. ఆ నిర్ణయంతో చికిత్స లక్ష్యం మారింది. వ్యాధిని నయం చేయడం మాట అటుంచి, నొప్పిని తగ్గించడం, నిద్ర పట్టించడం, ఆహారం మింగగలిగేలా చూడడం వైద్యుల ముఖ్యమైన పనులయ్యాయి.

ఇంటివద్ద శుశ్రూష

న్యూయార్క్ నగరంలో తూర్పు 66వ వీధిలోని మూడవ నంబరు ఇంట్లో ఈ శుశ్రూష జరిగింది. డగ్లస్ దాదాపు ప్రతిదినం వచ్చి గొంతును శుభ్రపరచి, పుండుకు మందు అద్దేవాడు. దుర్వాసనను, చీమును అరికట్టడానికి అయొడోఫాం వాడేవారు. నొప్పి తెలియకుండా కొకైన్ ద్రావణాన్ని గొంతుకు పూసేవారు. శరీరంలో ఒక భాగాన్ని మాత్రమే మొద్దుబార్చడానికి కొకైన్ పనికివస్తుందని వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ లోకానికి తెలియజేసినది 1884 సెప్టెంబరులోనే. అంటే అప్పటికి కొద్ది వారాల క్రితం వెలుగులోకి వచ్చిన పద్ధతి గ్రాంట్ ఉపశమనానికి అక్కరకు వచ్చింది. రాత్రులు నిద్ర కోసం మార్ఫిన్ ఇచ్చేవారు.

పడుకుంటే ఊపిరి ఆడక ఉక్కిరిబిక్కిరి అయ్యేవాడు. అందుచేత రెండు తోలు కుర్చీలను ఎదురెదురుగా వేసి, ఒకదానిలో కూర్చుని, రెండవ దానిపై కాళ్ళు చాపుకుని రాత్రులు గడిపేవాడు. ఘనాహారం మింగలేకపోవడంతో పాలు, గుడ్లు, జావ వంటి ద్రవాహారమే ఆధారమైంది. నీరు మింగినా గొంతు మండేది.

రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉన్నవారిలో హారిసన్ టెరెల్ ముఖ్యుడు. బానిసగా పుట్టి స్వేచ్ఛ పొందిన ఈ నల్లజాతి పరిచారకుడు గ్రాంట్‌కు స్నానపానాదులలో, నడకలో, నిద్రలో తోడుగా ఉన్నాడు. అతని కుమారుడు రాబర్ట్ టెరెల్ 1884లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, తరువాతి కాలంలో వాషింగ్టన్‌లో న్యాయమూర్తి అయ్యాడు. టెరెల్‌కు సాయంగా హెన్రీ మెక్‌స్వీనీ అనే శుశ్రూషకుడు ఉండేవాడు. జూలియా, పిల్లలు, కోడళ్ళు, మనుమలు అదే ఇంట్లో ఉండేవారు. పెద్ద కుమారుడు ఫ్రెడరిక్ తండ్రి శుశ్రూషతో పాటు పుస్తకానికి కావలసిన పత్రాలను, పటాలను వెతికి అందించే పని కూడా తనపై వేసుకున్నాడు.

మార్చి 1న పత్రికలలో వ్యాధి వార్త వెలువడడంతో ఇంటి ముందు విలేకరులు, ప్రజలు గుమికూడారు. వైద్యులు ఎప్పటికప్పుడు ప్రకటనలు విడుదల చేయవలసి వచ్చింది. మార్చి 4న అమెరికన్ కాంగ్రెస్ గ్రాంట్ సైనిక పదవిని పునరుద్ధరించి, విశ్రాంత వేతనానికి మార్గం కల్పించింది.

మార్చి నెలాఖరున, ఏప్రిల్ మొదట్లో గ్రాంట్ పరిస్థితి విషమించింది. ఊపిరి ఆగిపోతుందనుకున్న సమయంలో వైద్యులు సూదిమందుగా బ్రాందీని ఎక్కించారు. మతాచార్యుడు జాన్ న్యూమన్ ఆయనకు బాప్టిజం ఇచ్చాడు. కొద్ది రోజులకు గొంతులో రక్తస్రావం జరిగి, పుండులో కొంత భాగం ఊడిపోవడంతో అనుకోకుండా ఊపిరి తేలికపడింది. ఏప్రిల్ 27న కుటుంబంతో కలిసి 63వ జన్మదినం జరుపుకున్నాడు.

స్మృతుల రచన

స్మృతులను ప్రచురించడానికి సెంచురీ సంస్థ నూటికి పది వంతుల ప్రతిఫలం ఇవ్వజూపింది. ఈ విషయం విన్న ప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్, అది చాలా తక్కువని చెప్పి, తన ప్రచురణ సంస్థ తరఫున నికర లాభంలో నూటికి 70 వంతులు ఇస్తానన్నాడు. 1885 ఫిబ్రవరి 27న ఒప్పందం కుదిరింది. తాను పోయిన తరువాత జూలియాకు జీవనాధారం ఈ పుస్తకమేనని గ్రాంట్‌కు తెలుసు. ఆయనకు మిగిలిన కాలం ఎంతో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. మార్ఫిన్ తీసుకుంటే నొప్పి తగ్గుతుంది గాని బుద్ధి మందగిస్తుంది. తీసుకోకుంటే బుద్ధి చురుకుగా ఉంటుంది గాని నొప్పి వ్రాయనివ్వదు. గ్రాంట్ పగటిపూట ఈ మందును వీలైనంత తగ్గించి, కొకైన్ పూతతో సరిపెట్టుకుని పని చేసేవాడు. కొకైన్‌ను కూడా అతిగా వాడకూడదని తనకు తానే కట్టుబాటు పెట్టుకున్నాడు. వైద్యులు తమ ఇష్టప్రకారం మందులు ఇవ్వక, ఆయన పనివేళలను బట్టి మోతాదులను సర్దుబాటు చేసేవారు.

స్థిమితంగా ఉన్న రోజులలో నోబుల్ డాసన్ అనబడే శీఘ్రలేఖకునికి చెప్పి వ్రాయించేవాడు. గొంతు పూర్తిగా పోయిన తరువాత ఒళ్ళో పలక పెట్టుకుని పెన్సిలుతో తానే వ్రాసేవాడు. యుద్ధకాలంలో ఆయన వద్ద పనిచేసిన ఆడమ్ బాడో అనే రచయిత మొదట్లో సహాయకుడుగా ఉండేవాడు. పుస్తకం వ్రాస్తున్నది నిజానికి బాడోయే అని ఏప్రిల్ నెలాఖరున ఒక పత్రిక వ్రాసింది. గ్రాంట్ దానిని బహిరంగంగా ఖండించాడు. ఎక్కువ ప్రతిఫలం కోరిన బాడోతో సంబంధం తెంచుకుని, మిగిలిన పనిని కుమారుని సాయంతో తానే కొనసాగించాడు.

మెక్‌గ్రెగర్ కొండపై చివరి రోజులు

న్యూయార్క్ ఎండలకు తట్టుకోలేడని భావించి, వైద్యులు గ్రాంట్‌ను చల్లని ప్రదేశానికి తరలించదలచారు. న్యూయార్క్ రాష్ట్రంలో సరటోగా స్ప్రింగ్స్ పట్టణానికి చేరువలో ఉన్న మెక్‌గ్రెగర్ కొండపై జోసెఫ్ డ్రెక్సెల్ అనే ధనికుడు తన వేసవి విడిదిని ఆయనకు ఇచ్చాడు. 1885 జూన్ 16న గ్రాంట్ కుటుంబంతో సహా రైలులో అక్కడకు చేరాడు. టెరెల్, మెక్‌స్వీనీ, డగ్లస్ వెంట వెళ్ళారు. రెండు తోలు కుర్చీలను అక్కడ కూడా ఏర్పాటు చేశారు.

కొండపై ఉన్న ఐదు వారాలలో గ్రాంట్ సంభాషణ అంతా చిన్న చిన్న కాగితపు ముక్కల మీదనే సాగింది. నొప్పి ఎక్కడ ఉన్నది, ఏ మందు ఎంతసేపు పనిచేసినది, రాత్రి ఎన్ని గంటలు నిద్ర పట్టినది అన్నీ వ్రాసి వైద్యునికి అందించేవాడు. ఇటువంటి చీటీలలో అనేకం నేటికీ భద్రంగా ఉన్నాయి. జూలై 2న డగ్లస్‌కు వ్రాసిన లేఖలో, తన వ్యాధి ఎటు దారితీస్తుందో తనకు తెలుసని, ఇక కొత్త వైద్యులను పిలిపించవద్దని కోరాడు. పుస్తకం పూర్తి చేసుకునే వ్యవధి దొరికినందుకు సంతోషం వ్యక్తం చేశాడు. ఉత్తర దక్షిణ ప్రాంతాల వారు తనపట్ల చూపిన ఆదరణకు కృతజ్ఞత తెలిపాడు.

ఎండ తగ్గిన వేళలలో వసారాలో కూర్చుని పత్రికలు చదివేవాడు, అచ్చుప్రతులను సరిచూసేవాడు. ఆయనను చూడడానికి కొండపైకి వచ్చిన ప్రజలు నిశ్శబ్దంగా ఇంటి ముందు నుండి నడిచిపోయేవారు. జూలై 10న బక్నర్ వచ్చాడు. ఒకప్పుడు స్నేహితుడు, తరువాత శత్రుసేనాని అయిన బక్నర్ మాట్లాడుతుంటే గ్రాంట్ చీటీల మీద బదులు వ్రాశాడు. ఈ కలయిక దేశమంతటా సయోధ్యకు గుర్తుగా నిలిచింది.

జూలై మూడవ వారానికి స్మృతుల రచన ముగిసింది. దాదాపు మూడు లక్షల మాటలు గల ఆ గ్రంథం ఒక సంవత్సరం లోపల పూర్తయింది. జూలై 20న తన కోరికపై చక్రాల కుర్చీలో కొండ అంచు వరకు వెళ్ళి వచ్చాడు. ఆ ప్రయాణంతో పూర్తిగా అలసిపోయాడు. అప్పటివరకు కుర్చీలలోనే రాత్రులు గడిపిన ఆయనను చివరకు మంచంపై పడుకోబెట్టారు. 1885 జూలై 23న ఉదయం ఎనిమిది గంటలు దాటిన కొద్దిసేపటికి, భార్య, నలుగురు పిల్లలు చుట్టూ ఉండగా గ్రాంట్ ప్రశాంతంగా కన్నుమూశాడు. ఫ్రెడరిక్ గదిలోని గడియారాన్ని 8 గంటల 8 నిమిషాల వద్ద ఆపివేశాడు.

మరణానంతరం

ఆగస్టు 8న న్యూయార్క్‌లో జరిగిన అంత్యక్రియలకు లక్షలాది ప్రజలు హాజరయ్యారు. శవపేటిక వెంట నడిచిన ప్రముఖులలో ఉత్తరాది సేనానులతో పాటు బక్నర్, జోసెఫ్ జాన్‌స్టన్ అనే దక్షిణాది సేనానులు కూడా ఉన్నారు. హడ్సన్ నది ఒడ్డున నిర్మించిన గ్రాంట్ సమాధిని 1897లో ఆవిష్కరించారు. 1902లో మరణించిన జూలియాను కూడా ఆయన పక్కనే ఖననం చేశారు.

స్మృతుల మొదటి సంపుటం 1885 డిసెంబరులో, రెండవది 1886లో వెలువడ్డాయి. ప్రతినిధులు ఇంటింటికీ తిరిగి ముందుగా చందాలు కట్టించుకునే పద్ధతిలో ఈ పుస్తకాన్ని విక్రయించారు. 1886 ఫిబ్రవరిలో జూలియాకు మార్క్ ట్వేన్ సంస్థ 2,00,000 డాలర్ల చెక్కును అందజేసింది. మొత్తం మీద కుటుంబానికి 4 లక్షల డాలర్లకు పైగా ముట్టింది. సైనికుల స్మృతి గ్రంథాలలో ఉత్తమమైన వాటిలో ఒకటిగా విమర్శకులు ఈ పుస్తకాన్ని పరిగణిస్తారు. ఇందులో బాల్యం నుండి అంతర్యుద్ధం ముగింపు వరకే ఉన్నది. అధ్యక్ష పదవీకాలం గురించి ప్రత్యేకంగా వ్రాయలేదు.

హాస్పిస్ సేవల దృష్టిలో

గ్రాంట్ కాలానికి హాస్పిస్ అనే వ్యవస్థ నేటి అర్థంలో లేదు. మరణం తథ్యమైనప్పుడు వ్యాధిపై పోరాటాన్ని పక్కనబెట్టి, నొప్పి నివారణకు, రోగి కోరికలకు, కుటుంబానికి ప్రాధాన్యం ఇచ్చే సేవను నేడు హాస్పిస్ అంటున్నారు. లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో ప్రారంభించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఈ ఉద్యమానికి నాంది. అమెరికాలో 1974లో కనెక్టికట్ రాష్ట్రంలో ఇంటివద్ద సేవలతో ఇది మొదలైంది. 1982లో చేసిన చట్టం ద్వారా, ఆరు నెలలకు మించి జీవించరని వైద్యులు భావించిన వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద హాస్పిస్ సేవలు లభించసాగాయి.

గ్రాంట్ పొందిన శుశ్రూషలో ఈ సేవల లక్షణాలు పలుచోట్ల కనిపిస్తాయి. నిష్ప్రయోజనమైన కోతను వైద్యులు మానుకున్నారు. మందుల మోతాదు విషయంలో రోగి మాటను మన్నించారు. నిద్ర, ఊపిరి, ఆహారం, చల్లగాలి వంటి చిన్న విషయాలను పెద్ద విషయాలుగా పట్టించుకున్నారు. రోగి తన వారి మధ్యనే ఉండి, తాను ముఖ్యమనుకున్న పనిని పూర్తి చేయగలిగాడు. అయితే ఇంతటి సేవ అందరికీ అందేది కాదు. పేరుపొందిన వైద్యులు, రాత్రింబవళ్ళు ఉండే పరిచారకులు, ఇతరులు ఇచ్చిన విడిది ఆయన కీర్తి వలన సమకూరినవి. అదే సమయంలో అదే వ్యాధితో బాధపడిన పేదవారికి అటువంటి ఊరట దొరకలేదు. హాస్పిస్ ఉద్యమం సాధించదలచినది, ఒకనాడు గ్రాంట్ వంటివారికే దక్కిన ఆ సేవను సామాన్యులకు కూడా అందించడమే.

అమెరికా 39వ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 2023 ఫిబ్రవరిలో ఆసుపత్రి చికిత్స చాలించి, జార్జియా రాష్ట్రంలోని ప్లెయిన్స్‌లో తన స్వగృహంలో హాస్పిస్ సేవలు తీసుకోనారంభించాడు. 2024 డిసెంబరు 29న మరణించేవరకు అక్కడే ఉన్నాడు. అప్పటికి అమెరికాలో ఇటువంటి సేవ మాజీ అధ్యక్షులకే కాక సాధారణ పౌరులకు కూడా అందుబాటులోకి వచ్చి ఉన్నది.

విశేషాలు

* మెక్‌గ్రెగర్ కొండపై గ్రాంట్ మరణించిన ఇంటిని ప్రదర్శనశాలగా కాపాడుతున్నారు. ఆయన వాడిన కుర్చీలు, మిగిలిన కొకైన్ సీసా, ఫ్రెడరిక్ ఆపిన గడియారం అక్కడ ఉన్నాయి. 2021లో ఈ ఇల్లు జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది.
* అమెరికా 50 డాలర్ల నోటుపై గ్రాంట్ చిత్రం ముద్రితమై ఉన్నది.
* గ్రాంట్ తన గ్రంథాన్ని అమెరికా సైనికులకు, నావికులకు అంకితం చేశాడు.